గొంతు మారేలోగా

వియన్నా బాలుర గాయక బృందం దేశదేశాలు తిరిగి ఇచ్చిన కచేరీలకు చాలాకాలం పాటు ఒక స్థిరమైన అమరిక ఉండేది. మొదట చర్చిలో పాడే లాటిన్ ప్రార్థనలు, నడుమ పిల్లలే వేషాలు కట్టి ఆడే ఒక చిన్న హాస్య ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, చివరన జానపద గీతాలూ, వియన్నా స్వరకర్త స్ట్రాస్ కూర్చిన వాల్ట్జులనే నృత్య గీతాలూ. పద్నాలుగేళ్ళకు మించని ఇరవై, పాతిక మంది మగపిల్లలు నావికుల దుస్తుల్లో వచ్చి వేదిక మీద నిలబడతారు. వారి గురువు పియానో ముందు కూర్చుని వాయిస్తూనే, తల ఊపుతోనూ కనుసైగతోనూ వారిని నడిపిస్తాడు. విజయనగరంలో పిల్లలకు గాత్రం నేర్పుకుంటూ బతుకుతున్న నేను ఆ బృందాన్ని ఎదురుగా కూర్చుని విన్నది లేదు, విన్నదంతా రికార్డింగుల్లోనే. అయినా భక్తినీ, పల్లెపాటనూ, హాస్యాన్నీ ఒకే పిల్లవాడి నోట పలికించే ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఏటేటా పెరుగుతూ వచ్చింది. మా ప్రాంతపు మగపిల్లలకు ఇప్పుడు కావలసినది సరిగ్గా అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ బృందం పుట్టుక 1498 నాటిది. చక్రవర్తి మొదటి మాక్సిమిలియన్ తన ఆస్థాన సంగీతాన్ని వియన్నాలో నెలకొల్పుతూ, అందులో పాడడానికి మగపిల్లలను కూడా చేర్చుకోవాలని ఆ ఏడాది ఆజ్ఞాపించాడు. చర్చి గానంలో స్త్రీలకు చోటు లేని రోజులవి. పై స్థాయి స్వరాలకు పిల్లలే ఆధారం. ఆ తరువాత నాలుగు వందల ఏళ్ళకు పైగా ఆ పిల్లలు రాజుగారి తిండి తిని, రాజుగారి ప్రార్థనాలయంలో పాడారు. గ్లుక్, మోజార్ట్, సాలియేరి, బ్రూక్నర్ వంటి మహా స్వరకర్తలు ఆ ఆస్థానంలో కొలువు చేసినవారే. 1918లో సామ్రాజ్యం కూలిపోగానే ఆస్థానమూ పోయింది, దానితోపాటు పిల్లల పాటా ఆగిపోయింది. 1924లో ఆ ప్రార్థనాలయానికి అధిపతిగా ఉన్న జోసెఫ్ ష్నిట్ అనే మతాచార్యుడు సొంత డబ్బు పెట్టి బృందాన్ని మళ్ళీ కూడగట్టాడు. పాత రాజోద్యోగపు దుస్తులకు బదులు, ఆ రోజుల్లో పిల్లలకు వేయడం వాడుకగా ఉన్న నావికుల దుస్తులను కుట్టించాడు. ఆ డబ్బు ఎంతో కాలం సరిపోలేదు. 1926 నుంచి ప్రార్థనాలయం గడప దాటి బయట కచేరీలు చేయడం మొదలుపెట్టారు. ప్రార్థన గీతాలకు లౌకిక గీతాలు తోడయ్యాయి, పిల్లలు ఆడదగిన ఒపేరాలూ వచ్చి చేరాయి.

ఇక్కడ ఒక కాలసామ్యం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. వియన్నాలో 1918లో రాజాశ్రయం పోయి పిల్లల పాట మూగబోతే, ఆ మరుసటి ఏడాదే, 1919లో, మా ఊళ్ళో విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల స్థాపించారు. దానికి మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. కాలికి గజ్జెలు, చేత చిడతలు, మెడలో పూలదండ వేసుకుని ఒక్కడే నిలబడి భగవంతుని కథ చెబుతూ, మధ్యలో పిట్టకథ వేసి జనాన్ని కడుపుబ్బ నవ్వించి, మరుక్షణంలో మళ్ళీ కీర్తన అందుకునే కళ హరికథ. భక్తినీ నవ్వునూ విడదీయాలన్న ఆలోచన ఆ కళలో ఎక్కడా లేదు. అటువంటి కళకు పితామహుడైన మనిషి చేతిలో మా ఊరి సంగీత విద్య మొదలైందని తలచుకున్నప్పుడు, వియన్నా పిల్లల కచేరీలో మూడు రకాల పాటలు కలవడం నాకు కలగూరగంపలా కనిపించదు. డబ్బు అవసరం కొద్దీ పుట్టిన ఆ అమరికే పిల్లలకు సంపూర్ణమైన విద్య అయిందని నా అభిప్రాయం. మూడు రకాల పాటలూ పిల్లవాడి నుంచి మూడు వేర్వేరు శక్తులను కోరతాయి మరి.

ముందుగా ప్రార్థన గీతం సంగతి. పదహారో శతాబ్దపు స్పెయిన్ స్వరకర్త విక్టోరియా రాసిన ‘దువో సెరాఫిం’ అనే గీతం పై స్థాయి గొంతులు నాలుగింటికి కూర్చినది, కనుక బాలుర బృందాలకు చక్కగా అమరుతుంది. ఇద్దరు దేవదూతలు ఒకరినొకరు పిలుచుకుంటూ దేవుణ్ణి కీర్తిస్తున్నారని మొదటి భాగం. అక్కడ రెండే గొంతులు మొదలవుతాయి. ఒకటి ఎత్తుకున్న స్వరాన్ని రెండోది ఆలస్యంగా అందుకుని, దానికి ఒరుసుకుంటూ సాగి, మెల్లగా కుదుటపడుతుంది. భూమి అంతా ఆయన మహిమతో నిండి ఉన్నదన్న మాట వచ్చేసరికి నాలుగు గొంతులూ కలిసి విచ్చుకుంటాయి. సాక్ష్యం చెప్పేవారు ముగ్గురు అని రెండో భాగం మొదలైనప్పుడు సరిగ్గా మూడు గొంతులు వినిపిస్తాయి. విన్నవారికి లాటిన్ రానవసరం లేదు, వేళ్ళు లెక్కపెడితే చాలు. పాడే పిల్లవాడికి మాత్రం ఇది కఠినమైన పరీక్ష. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పక్కవాడికి కూడా తెలియకూడదు, తన గొంతు విడిగా వినిపించకూడదు, పక్క గొంతుతో ఒరుసుకునే ఆ క్షణంలో భయపడి స్వరం జారవిడవకూడదు. మన పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను పడే పెద్ద అవస్థ ఇక్కడే ఉంటుంది. పదిమంది కలిసి ఒక కీర్తన పాడితే ప్రతి పిల్లవాడూ తన గొంతు అమ్మకు వినిపించాలన్న తాపత్రయంతో గట్టిగా పాడతాడు. టీవీ పాటల పోటీలు ఈ జబ్బును ముదరబెట్టాయి. కలిసి పాడడం అంటే వినడమని పిల్లలకు నేర్పేవారు తగ్గిపోయారు.

హాస్య ఒపేరా దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. ఈ బృందం ఆడిన వాటిలో ‘బాస్టియన్, బాస్టియెన్’ ఒకటి. 1768లో మోజార్ట్ దానిని రాసేనాటికి అతనికి పన్నెండేళ్ళు, అంటే వేదిక మీద ఆడే పిల్లల ఈడే. కథ చాలా చిన్నది. బాస్టియెన్ అనే గొల్లపిల్ల తన ప్రియుడు బాస్టియన్ కోటలోని దొరసాని మోజులో పడ్డాడని ఏడుస్తూ, కోలాస్ అనే ఊరి సోదెకాడి దగ్గరికి వెళుతుంది. నువ్వు కూడా వాణ్ణి పట్టించుకోనట్టు నటించు, వాడే కాళ్ళబేరానికి వస్తాడని అతడు ఉపాయం చెబుతాడు. తరువాత బాస్టియన్ వచ్చినప్పుడు కోలాస్ పుస్తకం తెరిచి, ‘డిగ్గి, డాగ్గి, షుర్రి, ముర్రి’ అంటూ అర్థం లేని మంత్రం ఒకటి గంభీరంగా పాడతాడు. ఆ మంత్రం పాడే పిల్లవాడు నవ్వకూడదు. వాడు నవ్వితే జనం నవ్వరు. ప్రార్థన గీతంలో పక్కవాడి గొంతు చాటున ఒదిగి ఉన్న పిల్లవాడే ఇక్కడ ఒంటరిగా నిలబడి, మాట స్పష్టంగా పలుకుతూ, ముఖం బిగబట్టి, నాటకం నడపాలి. గొల్లపిల్ల వేషమూ మగపిల్లవాడే కడతాడు. 1980లలో ఈ బృందపు పిల్లలతో వచ్చిన రికార్డింగులో మూడు పాత్రలూ పిల్లలే పాడారు, పెద్దవాళ్ళ గొంతు ఒక్కటీ లేదు.

ఆ కథ వింటున్నంతసేపూ నాకు భామాకలాపమే గుర్తుకొస్తుంది. అలిగిన సత్యభామ, దూరమైన కృష్ణుడు, ఇద్దరి నడుమా రాయబారం నడిపే మాధవి. మీ ఆయన పేరేమిటో చెప్పమని మాధవి నిలదీయడం, పేరు చెప్పడానికి సిగ్గుపడి సత్యభామ మెలికలు తిరగడం కలాపంలో జనం ఎదురుచూసే ఘట్టం. మా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో తూర్పు భాగోతం ఆడేవారు తరతరాలుగా మగవాళ్ళే. సత్యభామ వేషం కట్టినవాడు మద్దెల దరువుకు అడుగు వేస్తూ, దరువు పాడుతూ, సంవాదం చెబుతూ రాత్రంతా ఊరిని మేలుకొలిపి ఉంచేవాడు. దైవస్తుతితో ఆట మొదలవుతుంది, హాస్యంతో నడుస్తుంది, పాడేదంతా ఊరి జనం ఎరిగిన బాణీయే. వియన్నా వారు మూడు భాగాలుగా పంచుకున్నదానిని మన భాగోతం ఒకే రాత్రిలో ఒకే కథలో ఇమిడ్చింది. ఇంత సంపద ఇంటి ముందున్నా మన గాత్ర పాఠాల్లో పిల్లలకు నాటకం ఊసే లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. వర్ణం తప్పు లేకుండా పాడగల పిల్లవాణ్ణి నలుగురి ముందు నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమంటే నేల చూపులు చూస్తాడు.

జానపద గీతాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆస్ట్రియా కొండల పాటలతో పాటు, వెళ్ళిన దేశపు పాట ఒకటి ఆ భాషలోనే నేర్చుకుని పాడడం కూడా ఆ పిల్లలు తరచుగా చేసే పనే. షూబర్ట్ 1827లో కూర్చిన లిండెన్ చెట్టు పాట కాలక్రమంలో జనం నోట జానపదంగానే స్థిరపడిపోయింది. వారి కచేరీల్లో తరచుగా వినిపించే ‘నీలి డాన్యూబ్’ వాల్ట్జ్ 1867లో మొట్టమొదట వినిపించినది పురుషుల గాయక బృందం నోటనే. వాద్యబృందపు రూపంలో అది ప్రపంచమంతా ఎరిగిన పాట అయింది. మనవైపు ఈ పాఠం చెప్పడానికి తప్పెటగుళ్ళు చాలు. రేకు గుళ్ళు రొమ్ముకు కట్టుకుని, గజ్జెల కాళ్ళతో వలయంగా తిరుగుతూ, ఒకడు ఎత్తుకున్న చరణాన్ని మిగిలినవారంతా అదే ఊపులో అందుకోవాలి. ఎగురుతున్నా పాట తెగకూడదు, ఊపిరి అందకపోయినా మాట మింగకూడదు. ఏ సంగీత పాఠశాలలోనూ ఊపిరికి ఇంతకు మించిన సాధన లేదు. మన యాసలో ఉన్న పాటను సంకోచం లేకుండా నోరారా పాడగలిగిన పిల్లవాడికి, పైన చెప్పిన నేల చూపులు సగం తగ్గుతాయని నా అనుభవం.

ఇక అసలు సంగతికి వస్తాను. మగపిల్లవాడి గొంతు నిలిచేది కాదు. యౌవనం తొంగిచూసే వేళ స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఐదు, ఐదున్నర శ్రుతిలో (అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు) తారస్థాయి షడ్జాన్ని, అంటే పై ‘స’ను, సునాయాసంగా తాకిన పిల్లవాడు కొద్ది నెలల్లో ఒకటిన్నర శ్రుతిలో కూడా తడబడతాడు. ఆడపిల్లలకూ కొంత మార్పు ఉంటుంది కానీ ఇంత తీవ్రంగా కాదు. వియన్నా బృందం మొత్తం ఈ అనిత్యత మీదనే కట్టిన ఇల్లు. ఏటా కొందరు వెళ్ళిపోతూ ఉంటారు, ఏటా కొత్తవారు వస్తూ ఉంటారు. ఫ్రాంజ్ షూబర్ట్ 1808లో ఆస్థాన గాయక బాలుడిగా చేరాడు. తాను పాడిన పీటర్ వింటర్ ప్రార్థన గీతపు ప్రతి మీద, షూబర్ట్ ఫ్రాంజ్ ఆఖరిసారిగా కూసినది అని రాసి, 1812 జులై 26 అని తేదీ వేశాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు. మరో స్వరకర్త హైడన్ చిన్నప్పుడు పాడినది వియన్నాలోనే ఉన్న సెయింట్ స్టీఫెన్ కేథడ్రల్ బృందంలో. గొంతు మారాక అతని పాట కోడికూతలా ఉందని రాణి మరియా థెరీసా అన్నదని అతని జీవితగాథల్లో చెబుతారు. అతడు ఒంటరిగా పాడే సోలోలు తమ్ముడు మైఖేల్‌కు దక్కాయి, 1749లో అతనిని బృందం నుంచి పంపేశారు. పదిహేడేళ్ళ కుర్రవాడు చేతిలో చిల్లిగవ్వ లేకుండా వీధిలో నిలబడ్డాడు.

ఆ ఇద్దరూ సంగీతాన్ని వదల్లేదు, ఎందుకంటే వారికి దక్కినది గొంతు ఒక్కటే కాదు. షూబర్ట్ సాలియేరి వద్ద స్వరరచన నేర్చుకున్నాడు, హైడన్ వాయులీనం, కీబోర్డు వాయించగలడు. ఈ రోజుల్లో ఏర్పాటు మరింత మెరుగైంది. ఆ బృందానికి సొంత బడి, వసతి ఉన్నాయి. 1948 నుంచి వారి నివాసం ఔగార్టెన్ రాజభవనం. నూరుమంది దాకా పిల్లలను బ్రూక్నర్, హైడన్, మోజార్ట్, షూబర్ట్ పేర్లతో నాలుగు బృందాలుగా విభజించారు. నాలుగూ కలిసి ఏటా మూడు వందల కచేరీల వరకు ఇస్తాయి. ఒక బృందం పర్యటనలో ఉంటే మరొకటి ఆదివారం నాడు పాత రాజప్రార్థనాలయంలో పాడుతుంది. బృందం నుంచి బయటికి వచ్చినవారు 1952లో కోరస్ వియెన్నెన్సిస్ అనే పురుషుల గాయక సంఘం పెట్టుకున్నారు. గొంతు దిగినవారు ఇప్పుడు పిల్లల పక్కన నిలబడి కింది స్థాయి స్వరాలు పాడతారు. నేడు పేరు మోసిన బారిటోన్ (మధ్యస్థపు పురుష గళం) గాయకుడు గేయోర్గ్ నిగ్ల్ చిన్నప్పుడు ఈ బృందంలో పై స్థాయి సోలోలు పాడినవాడే. పదేళ్ళ పిల్లలను వారాల తరబడి ఊళ్ళు తిప్పడం, ఇంటికి దూరంగా ఉంచడం తేలికైన సంగతి కాదని నేను ఎరుగుదును. మన పిల్లలను అలా పంపమని నేను అనను. గొంతు పోయే రోజు వస్తుందని ముందే తెలుసుకుని, ఆ రోజుకు పిల్లవాణ్ణి సిద్ధం చేయడం మాత్రం మనం వారి నుంచి నేర్చుకోవలసినది.

ఎందుకంటే ఇక్కడ జరుగుతున్నది వేరు. నా దగ్గర చిన్నప్పటి నుంచి నేర్చుకున్న ఒక పిల్లవాడు, మోహన రాగ వర్ణం రెండు కాలాల్లో పాడగలవాడు, ఒక సాయంత్రం తారస్థాయి షడ్జం దగ్గర గొంతు చీలి ఆగిపోయాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. వాడు మళ్ళీ నోరు తెరవలేదు, ఆ వారం నుంచి రావడమూ మానేశాడు. కొన్నాళ్ళకు వాళ్ళమ్మ కనిపించి, “గుంటడి గొంతు పోనాది మేస్టారూ, ఇంకేటి పాడతాడు? లెక్కల ట్యూషన్‌లో ఏసేసేం” అంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. గొంతు పోలేదమ్మా, మారుతోంది, ఇంకో గొంతు వస్తుంది అని ఇంతవరకూ ఆమెకు చెప్పినవారు ఎవరు? ఆ దశలో పాట పూర్తిగా మాన్పించాలని పూర్వం అనేవారు కానీ, హాయిగా పలికినంత మేర మెల్లగా పాడిస్తూ ఉండడమే మంచిదని ఇప్పటి పాశ్చాత్య గాత్ర శిక్షకుల్లో చాలామంది భావిస్తున్నారు, నా అనుభవమూ అదే చెబుతోంది. నేను వాడిని పిలిపించి శ్రుతిపెట్టె రెండుకు దించి, సరళీ స్వరాలు మళ్ళీ మొదటి నుంచి, మధ్యస్థాయి పంచమం దాటకుండా పాడించాను. మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ‘ప’, వాడి గొంతులో మొదటిసారి మోగినప్పుడు, అది తన గొంతేనా అన్నట్టు వాడు శ్రుతిపెట్టె వైపు చూశాడు.

ఘంటసాల గారు కౌమారంలో మా ఊరు వచ్చినప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట ఉంచుకుని పాఠం చెప్పారు. ఆ కుర్రవాడు జోలె పట్టి మధుకరం ఎత్తుకుని తింటూ చదువుకున్నాడు. ఏ ఇంటి గడపలో నిలబడితే ఆ ఇల్లాలు ఇంత అన్నం పెట్టింది. గొంతు ఎదుగుతున్న కుర్రవాడికి ఊరంతా కలిసి అన్నం పెట్టిన చరిత్ర మనకు ఉండగా, ఈ రోజున అదే ఈడు పిల్లలకు వారానికి రెండు గంటలు కేటాయించలేమని నేను అనుకోను.

అందుకని ఆదివారాల్లో మగపిల్లలను మాత్రమే కూర్చోబెట్టి కలిసి పాడిస్తున్నాను. పాశ్చాత్యుల పద్ధతిలో వేర్వేరు స్వరాల కలయిక మన సంగీతానికి అక్కరలేదు. లేత గొంతులు పై స్థాయిలో, మారిన గొంతులు కింది స్థాయిలో ఒకే కీర్తన పాడితే చాలు, మారుతూ మధ్యలో ఉన్నవారికి పలికే ఐదారు స్వరాల్లో పల్లవి మాత్రం అప్పగిస్తున్నాను. దసరా తరువాత పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టాలందరూ ఊళ్ళో ఉంటారు కనుక, ఆ రోజుల్లోనే మా వీధిలో ఒక సాయంత్రం పాడిద్దామని అనుకుంటున్నాము. ముందు ఒక రామదాసు కీర్తన, తరువాత పిల్లలే తమ తాతల దగ్గర అడిగి తెచ్చిన పాటలు రెండు, ఆఖరున భామాకలాపంలో పేరు చెప్పమనే ఘట్టం. సత్యభామ వేషానికి లేత గొంతు పిల్లవాడు ఒకడు ఒప్పుకున్నాడు. గొంతు మారిందని మానేసిన ఆ కుర్రవాడు మాధవి వేషం తనకే ఇవ్వాలని పట్టుబడుతున్నాడు, ఆ మాటలు బొంగురు గొంతుతో చెబితేనే నవ్వొస్తుందట. వాడి మాటలో నిజముంది, ఇచ్చేశాను.